మెషిన్ మీద క్రెడిట్ వదిలేశారు, కారు మీద తీసుకున్నారు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నమస్కారం సార్. విజయవాడ ఆటోనగర్‌లో నేనూ మా తమ్ముడూ పార్ట్‌నర్లుగా ఒక యూనిట్ నడుపుతున్నాం. స్టీల్ ర్యాకులు, అల్మారాల తయారీ నేను చూసుకుంటాను. గోడౌన్లలో వాటిని బిగించడం, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు తమ్ముడు చూస్తాడు. రెండూ ఒకే ఫర్మ్, ఒకే జీఎస్టీ నంబర్. 2026 జనవరిలో బ్యాంకు లోన్ మీద కోయంబత్తూరు నుంచి బెండింగ్ మెషిన్ తెచ్చాం. ధర 25 లక్షలు, పైన జీఎస్టీ 4.5 లక్షలు. మా అకౌంటెంట్ 29.5 లక్షలూ ఆస్తి ఖాతాలో రాసేసి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) తీసుకోలేదు. అడిగితే మెషిన్లకు సగం ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది వస్తుంది, తర్వాత చూద్దాం అన్నాడు. అదే ఏడాది ఫర్మ్ పేరు మీద కొన్న కారుకు మాత్రం క్రెడిట్ తీసేసుకున్నాడు. కొత్త షెడ్డు కట్టిన కాంట్రాక్టరు బిల్లులో 18 శాతం వేశాడు, అది వస్తుందో రాదో తెలియదు. హైదరాబాద్ షీటు పార్టీ 3 లక్షల బిల్లు తాలూకు 54 వేలు మాకు 2బీలో (సరఫరాదారులు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే క్రెడిట్ జాబితా) పడనే లేదు, ఫోన్ చేస్తే రేపు మాపు అంటున్నాడు. పెయింట్ షాపు బిల్లు ఏడు నెలలుగా బాకీ ఉంది. తమ్ముడేమో సర్వీసు చేసేవాళ్లకు సరుకు మీద క్రెడిట్ రాదని విన్నానంటాడు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ ఇంకా వేయలేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. అసలు మాకు ఏది వస్తుంది, ఏది రాదు?

సమాధానం: ముందు మెషిన్ సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద మొత్తం అదే, ఇంకా చేయి దాటిపోలేదు కూడా. ఆ 4.5 లక్షలు మొత్తం మీకు క్రెడిట్‌గా వస్తుంది. సగం సగం కాదు, ఒకేసారి. మీ అకౌంటెంట్ చెప్పిన సగం లెక్క ఎక్సైజు రోజులది. 2004 నాటి సెన్‌వాట్ క్రెడిట్ రూల్స్‌లో క్యాపిటల్ గూడ్స్ మీద మొదటి ఆర్థిక సంవత్సరంలో సాధారణంగా 50 శాతానికి మించి తీసుకోనిచ్చేవారు కాదు, మిగతాది తర్వాతి ఏడాదికి పోయేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ పద్ధతి పోయింది. మెషిన్ మీ షెడ్డులో దిగి, బిల్లు మీ చేతికొచ్చి, 2బీలో కనిపిస్తే ఆ నెల రిటర్న్‌లోనే మొత్తం తీసుకోవచ్చు. మెషిన్ విడి భాగాలుగా రెండు మూడు లారీల్లో వచ్చి ఉంటే ఆఖరి లోడు దిగిన నెలలో తీసుకోవాలి, అంతే తేడా. డబ్బు మీ జేబులోంచి ఇచ్చారా, బ్యాంకు లోన్ ఇచ్చిందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

అయితే ఒక షరతు ఉంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆ 4.5 లక్షలను మెషిన్ ధరలో కలిపి ఇన్‌కమ్ టాక్స్‌లో తరుగుదల క్లెయిమ్ చేశారంటే జీఎస్టీ క్రెడిట్ ఇక రాదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 16లోనే ఈ మాట స్పష్టంగా ఉంది. రెండింట్లో ఒకటే. తరుగుదల దారిలో వెళితే ఆ 4.5 లక్షల మీద ఏటా కొంత కొంత ఖర్చు చూపించి, ఆ ఖర్చు మీద ఆదాయపు పన్నులో కొంత తగ్గించుకుంటారు. క్రెడిట్ దారిలో వెళితే 4.5 లక్షలకు 4.5 లక్షలూ ఈ ఏడాదే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. ఇందులో ఆలోచించాల్సిందే లేదు. మీరింకా ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయలేదన్నారు కాబట్టి పుస్తకాల్లో ఎంట్రీ సరిచేయించండి: మెషిన్ 25 లక్షలు, జీఎస్టీ క్రెడిట్ 4.5 లక్షలు విడిగా. తరుగుదల 25 లక్షల మీదే.

జనవరి క్రెడిట్ జనవరిలో తీసుకోలేదు కదా, ఇప్పుడెలా అంటారేమో. 2025-26 బిల్లుల మీద క్రెడిట్ తీసుకోవడానికి 2026 నవంబర్ 30 దాకా గడువుంది, ఆ లోపే వార్షిక రిటర్న్ వేసేస్తే గడువు ఆ రోజుతోనే ముగుస్తుంది. కాబట్టి వార్షిక రిటర్న్ జోలికి పోకముందే, తర్వాత వేయబోయే 3బీలో (పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్) ఈ మొత్తం కలపండి. కలిపినప్పుడు ఆ నెల 2బీలో ఉన్నదానికన్నా మీరు తీసుకున్నది 4.5 లక్షలు ఎక్కువ కనిపిస్తుంది. ఆ తేడా చూసి పోర్టల్ దానంతటదే డీఆర్‌సీ-01సీ అనే నోటీసు పంపే అవకాశముంది. అది వస్తే కంగారు పడకండి, అలాగని పక్కన కూడా పెట్టకండి. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఫలానా బిల్లు జనవరి 2బీలో ఉంది, అప్పుడు తీసుకోలేదు, గడువులోపల ఇప్పుడు తీసుకున్నాం అని బిల్లు నంబరు, తేదీతో రాస్తే చాలు. జవాబివ్వకుండా వదిలేస్తే తర్వాతి జీఎస్టీఆర్-1 (మీ అమ్మకాల బిల్లులు ఎక్కించే రిటర్న్) వేయనివ్వదు, అప్పుడు మీ కస్టమర్లకు క్రెడిట్ ఆగిపోతుంది, వాళ్లు మీకు ఫోన్లు మొదలుపెడతారు.

ఇదే మెషిన్‌ను రేపెప్పుడైనా అమ్మేస్తే కూడా ఒక లెక్క ఉంది. తీసుకున్న క్రెడిట్‌లో ప్రతి మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలేది ఎంతో, అమ్మిన ధర మీద పన్ను ఎంతో చూసి, రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. అంటే ఐదేళ్లు వాడాక అమ్మితే అమ్మకం మీద పన్ను ఒక్కటే.

ఇక కారు. ఇది రాదు. ఫర్మ్ పేరు మీద కొన్నా, ఆఫీసు పనికే తిప్పినా, కస్టమర్ల దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ పోనని ఒట్టేసినా రాదు. డ్రైవర్‌తో కలిపి 13 మంది వరకు కూర్చునే, మనుషుల్ని తీసుకెళ్లే వాహనాల మీద క్రెడిట్‌ను సెక్షన్ 17(5) ఆపేసింది. కార్లు అమ్మేవాళ్లు, ట్యాక్సీలు తిప్పేవాళ్లు, డ్రైవింగ్ నేర్పేవాళ్లకే మినహాయింపు. అదే కారు ఇన్సూరెన్స్, సర్వీసింగ్, రిపేరు బిల్లుల మీద కూడా రాదు, చాలామంది దీన్ని గమనించరు. కానీ ర్యాకులు మోయడానికి ట్రాలీ ఆటోనో చిన్న లారీనో కొంటే దాని మీద పూర్తిగా వస్తుంది, దాని ఇన్సూరెన్స్ మీదా రిపేరు మీదా వస్తుంది. సరుకు మోసే బండికీ మనుషులు ఎక్కే బండికీ చట్టం దృష్టిలో అంత తేడా.

తీసేసుకున్న కారు క్రెడిట్‌ను వెంటనే 3బీ టేబుల్ 4(బీ)(1)లో రివర్స్ చేయించండి, అంటే వెనక్కి ఇచ్చేయండి. నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. వడ్డీ ఏడాదికి 18 శాతం చొప్పున పడుతుంది గానీ, అది తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడుకున్న మేరకే. మీ క్రెడిట్ లెడ్జర్‌లో (పోర్టల్‌లోని మీ క్రెడిట్ ఖాతా) బ్యాలెన్స్ ఎప్పుడూ ఆ కారు మొత్తానికన్నా తగ్గకుండా ఉండి ఉంటే వాడుకున్నట్టు కాదు, వడ్డీ కూడా లేదు. పోర్టల్‌లో లెడ్జర్ తెరిచి, కారు క్రెడిట్ తీసుకున్న తేదీ నుంచి ఇవాళ్టి దాకా బ్యాలెన్స్ కాలమ్ చూసుకోండి. ఎక్కడ తగ్గిందో, ఎంత తగ్గిందో దాన్ని బట్టి వడ్డీ తేలుతుంది. కారు మీద క్రెడిట్ రాదు కాబట్టి ఆ పన్నును కారు ధరలో కలిపి తరుగుదల వేసుకోవచ్చు. చూశారా, మెషిన్‌కు చేయాల్సింది కారుకూ, కారుకు చేయాల్సింది మెషిన్‌కూ చేశాడు మీ అకౌంటెంట్. మనిషి చెడ్డవాడని నేననను, కానీ లక్షల్లో కొనుగోలు జరిగినప్పుడు పన్ను ఏ ఖాతాలో పడిందో యజమాని ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి, అది అవతలి మనిషి మీద అనుమానం కాదు.

షెడ్డు విషయంలో మీకు నచ్చని జవాబే చెప్పాలి. ఫ్యాక్టరీ షెడ్డు భవనం కిందే లెక్క. కాంట్రాక్టరు వేసిన 18 శాతమైనా, మీరే సిమెంటు, ఇనుము కొని కట్టించుకున్నా క్రెడిట్ రాదు. 2024 అక్టోబర్‌లో సఫారీ రిట్రీట్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కొందరు భవనాల మీద కూడా దారి తెరుచుకుందని ఆశపడ్డారు. 2025 ఫైనాన్స్ చట్టంతో ప్రభుత్వం సెక్షన్ 17(5)లోని పదాన్ని 2017 జూలై నుంచే మారినట్టు సవరించింది, దాంతో ఆ దారి మూసుకుపోయినట్టే. ఎవరైనా కన్సల్టెంటు షెడ్డు మీద క్రెడిట్ ఇప్పిస్తానంటే నమ్మకండి.

కానీ షెడ్డు బిల్లు మొత్తాన్నీ ఒకే గంపగుత్తగా చూడకండి. మెషిన్ నిలబెట్టడానికి ప్రత్యేకంగా వేసిన కాంక్రీటు ఫౌండేషన్, దాన్ని పట్టి ఉంచే ఇనుప నిర్మాణం ప్లాంట్ అండ్ మెషినరీలోకే (యంత్ర సామగ్రి కిందకే) వస్తాయి, వాటి మీద క్రెడిట్ ఉంది. పైన తిరిగే క్రేన్ పెట్టించి ఉంటే దాని మీదా ఉంది. కాంట్రాక్టరు ఇవన్నీ కలిపి "షెడ్డు నిర్మాణం" అని ఒక్క లైను బిల్లు ఇచ్చి ఉంటే మాత్రం విడదీసి నిరూపించుకోవడం కష్టం. ఇంకా ఆఖరి బిల్లు రాలేదంటే మెషిన్ ఫౌండేషన్‌కు వేరే బిల్లు అడగండి, నిజంగా జరిగిన పనికి నిజమైన కొలతలతో. ఇంకో మాట, ఏడాదేడాదీ చేయించే చిన్న చిన్న రిపేర్లు, సున్నాలు, రంగులు ఆస్తి ఖాతాలో కలపకుండా ఆ ఏడాది ఖర్చుగా రాస్తే వాటి మీద క్రెడిట్ తీసుకోవచ్చు, చట్టం ఆపింది ఆస్తి విలువలో కలిపిన రిపేర్లనే.

హైదరాబాద్ షీటు పార్టీ దగ్గరకొద్దాం, ఎందుకంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఈ బాధే. సరుకు వచ్చింది, బిల్లుంది, డబ్బిచ్చేశాం, మరి మా క్రెడిట్ ఎందుకు రాదు అని అడుగుతారు. న్యాయంగా చూస్తే ఆ బాధలో అర్థముంది, ఇంకొకడు చేయని పనికి మీకు శిక్ష పడటం నాకూ సబబుగా అనిపించదు. మొదట్లో ఇంత కఠినంగా లేదు కూడా. 2బీ లేని రోజుల్లో అవతలివాళ్లు ఎక్కించని బిల్లుల మీద కూడా 20 శాతం వరకు అదనంగా తీసుకోనిచ్చారు, 2020లో అది 10 అయింది, 2021లో 5 అయింది, 2022 జనవరి 1 నుంచి సున్నా. ఇప్పుడు సరఫరాదారు తన జీఎస్టీఆర్-1లో బిల్లు ఎక్కిస్తేనే అది మీ 2బీలో పడుతుంది, పడితేనే క్రెడిట్. కాబట్టి ఆ 54 వేలు ఇప్పుడు తీసుకోకండి. ముందు తీసేసుకుని తర్వాత అడుగుదాంలే అనుకుంటే వడ్డీ మీ నెత్తినే పడుతుంది.

ముందు అతను అసలు ఎక్కించలేదా, తప్పుగా ఎక్కించాడా కనుక్కోండి. చాలాసార్లు మీ జీఎస్టీ నంబర్లో ఒక అంకె తప్పు పడి ఇంకెవరి ఖాతాలోనో కూర్చుంటుంది, లేదా నంబరు లేని మామూలు కస్టమర్‌కు అమ్మినట్టు ఎక్కించేస్తారు. అలా అయితే తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో సవరించమనండి, పడుతుంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న వ్యాపారి అయితే మధ్య నెలల్లో ఐఎఫ్ఎఫ్ అనే ఫారంలో బిల్లు ఎక్కించే సౌకర్యముంది, ఎక్కించకపోతే త్రైమాసికం అయ్యాకే కనిపిస్తుంది, అది మోసం కాదు, అతని పద్ధతి అంతే. బొత్తిగా ఎక్కించలేదంటే మాత్రం బిల్లు నంబరు, తేదీ, పన్ను మొత్తం రాసి మెయిల్ పెట్టండి. ఫోన్లో ఎంత అరిచినా రేపు చూపించుకోవడానికి కాగితం ఉండదు.

మీకు నిజంగా పట్టు ఉండేది డబ్బు ఇచ్చే ముందే. కొత్త పార్టీతో, లేదా ఇలా ఒకసారి ఆలస్యం చేసిన పార్టీతో ఒక ఒప్పందం చేసుకోండి: సరుకు ధర చెప్పిన గడువుకు ఇస్తాం, జీఎస్టీ మొత్తం మాత్రం బిల్లు మా 2బీలో పడ్డాక ఇస్తాం. పర్చేజ్ ఆర్డర్ మీద ఈ ఒక్క వాక్యం రాయించండి. సరిగ్గా రిటర్నులు వేసే వ్యాపారి దీనికి అభ్యంతరం చెప్పడు. చెప్పేవాడెవడో ముందే తెలిసిపోవడం కూడా మీకు మేలే.

బిల్లు 2బీలో పడినంత మాత్రాన కథ అయిపోలేదు, అవతలివాడు 3బీ వేసి పన్ను కట్టాలి కూడా. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లులకు సంబంధించి అతను తర్వాతి సెప్టెంబర్ 30 దాకా 3బీ వేయకపోతే, మీరు తీసుకున్న క్రెడిట్‌ను నవంబర్ 30 లోపు రివర్స్ చేయాలి, అతను వేశాక మళ్లీ తీసుకోవచ్చు. అతను రిటర్నులు వేస్తున్నాడో లేదో చూడటానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. పోర్టల్‌లో అతని జీఎస్టీ నంబరు కొడితే ఏ నెల రిటర్న్ ఏ తేదీన వేశాడో కనిపిస్తుంది. పెద్ద పార్టీలకు మూడు నెలలకోసారైనా ఈ పని చేయించండి.

పెయింట్ షాపు బాకీకి ఇంకో గడువుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో ధర, పన్ను రెండూ చెల్లించకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఏడు నెలలంటే దాటిపోయింది. సగం ఇచ్చి సగం బాకీ ఉంటే ఆ సగానికే. 3బీ టేబుల్ 4(బీ)(2)లో రివర్స్ చేయండి, వాడుకుని ఉంటే వడ్డీ కట్టండి. షాపుకు డబ్బు ఇచ్చిన నెలలో మళ్లీ తీసుకోండి. ఇలా మళ్లీ తీసుకోవడానికి నవంబర్ 30 గడువు వర్తించదు, కాబట్టి ఆ డబ్బు పోయిందని బాధపడాల్సిన పని లేదు. రివర్స్ చేసినవి, తిరిగి తీసుకున్నవి పోర్టల్‌లో వేరే స్టేట్‌మెంట్‌గా నమోదవుతాయి, మీ దగ్గర కూడా ఒక ఎక్సెల్ షీటు ఉంచుకోండి, లేకపోతే తిరిగి తీసుకోవడమే మర్చిపోతారు.

తమ్ముడు విన్నదీ పూర్తిగా అబద్ధం కాదు, పాతబడిన నిజం. సర్వీస్ టాక్స్ రోజుల్లో సర్వీసు చేసేవాళ్లకు సరుకు మీద కట్టిన వ్యాట్ వెనక్కి వచ్చేది కాదు, తయారీదారుకు కూడా ఎక్సైజు క్రెడిట్ వేరు, రాష్ట్రానికి కట్టే వ్యాట్ క్రెడిట్ వేరు, ఒకదానితో ఒకటి సర్దుకోవడం కుదిరేది కాదు. ఇప్పుడు సరుకూ సేవా ఒకే చట్టం కింద, ఒకే లెడ్జర్‌లో ఉన్నాయి. తమ్ముడు కొనే డ్రిల్లింగ్ మెషిన్, యాంకర్ బోల్టులు, లాప్‌టాప్, ఫోన్ బిల్లు, అద్దెకు తెచ్చే స్కాఫోల్డింగ్, ఇవన్నిటి మీదా క్రెడిట్ వస్తుంది, దాన్ని మీ ర్యాకుల అమ్మకం మీద పన్నుకూ వాడొచ్చు. ఈ బోల్టు ఏ కాంట్రాక్టులో బిగించావని ఎవరూ జత చేసి అడగరు, వ్యాపారం కోసం వాడితే చాలు. బ్యాంకు చార్జీల మీద కూడా జీఎస్టీ ఉంటుంది. మీ నంబరు బ్యాంకులో నమోదు చేయించకపోతే అది 2బీలో రాదు, ఏడాది మొత్తం మీద అది చిన్న మొత్తమేమీ కాదు.

సర్వీసు పనిలో తిరిగేవాళ్లకు ఒక చిక్కుంది. తమ్ముడు చెన్నైలో ర్యాకులు బిగించడానికి వెళ్లి హోటల్లో దిగితే, ఆ హోటల్ వేసేది తమిళనాడు పన్ను. బిల్లు మీద మీ నంబరు ఉన్నా ఆంధ్రాలో ఆ క్రెడిట్ రాదు. విజయవాడలోనే హోటల్ గది తీసుకుంటే వస్తుంది. విమానం టికెట్‌కు మాత్రం, బుక్ చేసేటప్పుడే ఫర్మ్ నంబరు ఇస్తే, ఏ ఊరికి వెళ్లినా క్రెడిట్ దక్కుతుంది. వర్కర్లకు భోజనాలు తెప్పించిన క్యాటరింగ్ బిల్లు మీద సాధారణంగా రాదు, చట్టప్రకారం యజమాని పెట్టి తీరాల్సిన క్యాంటీన్ అయితేనే.

ఈసారి లారీ కిరాయిలు కూడా చూసుకోండి. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ తన బిల్లులో జీఎస్టీ వేయకపోతే, రివర్స్ చార్జ్ కింద ఆ 5 శాతం మీరే కట్టాలి. దీన్ని క్రెడిట్‌తో కట్టడం కుదరదు, నగదుగానే కట్టాలి, కట్టిన నెలలోనే దాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ట్రాన్స్‌పోర్టరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే 30 రోజుల్లో మీరే సెల్ఫ్ ఇన్వాయిస్ రాసుకోవాలి. చాలా యూనిట్లు కట్టడం మర్చిపోయి, ఆడిట్‌లో వడ్డీతో కడుతున్నాయి.

మీరు పౌడర్ కోటింగ్ బయట చేయించేట్టయితే సరుకును డెలివరీ చలాన్ మీద పంపండి, పన్ను వేయక్కర్లేదు, షీటు మీద తీసుకున్న క్రెడిట్ కూడా నిలబడుతుంది. ఏడాదిలోపు తిరిగి రావాలి, రాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కేస్తారు. డైలు, మౌల్డులు, జిగ్గులకు ఈ గడువు లేదు. కోతలో మిగిలే ఇనుప ముక్కలకు క్రెడిట్ తగ్గించాల్సిన పనిలేదు, అది తయారీలో సహజంగా పోయేదే, ఆ తుక్కు అమ్మినప్పుడు పన్ను వేస్తారు కదా. కానీ డీలరుకు ఉచితంగా ఇచ్చిన శాంపిల్ అల్మారా, దొంగతనానికి పోయిన షీటు, వర్షానికి పాడై పుస్తకాల్లోంచి తీసేసిన స్టాకు ఉంటే వాటి మీద క్రెడిట్ రివర్స్ చేయాలి.

మీ దగ్గరకు కోయంబత్తూరు, హైదరాబాద్ నుంచి సరుకు వస్తోంది కాబట్టి ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి కొన్నప్పుడు పడే పన్ను) క్రెడిట్ ఎక్కువ ఉంటుంది, అమ్మకాలేమో ఆంధ్రాలోనే, వాటి మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడతాయి. ఐజీఎస్టీ క్రెడిట్ ముందు ఐజీఎస్టీ పన్నుకు పోవాలి, మిగిలింది సీజీఎస్టీకి, ఎస్‌జీఎస్టీకి ఎలా కావాలంటే అలా పంచుకోవచ్చు. ఈ పంపకంలోనే చేతి డబ్బు పోతుంది. ఉదాహరణకు ఒక నెలలో సీజీఎస్టీ లక్ష, ఎస్‌జీఎస్టీ లక్ష కట్టాలి. క్రెడిట్ చూస్తే ఐజీఎస్టీ 80 వేలు, సీజీఎస్టీ 60 వేలు, ఎస్‌జీఎస్టీ 60 వేలు. 80 వేలూ సీజీఎస్టీకే వాడేస్తే, సీజీఎస్టీ క్రెడిట్‌లో 40 వేలు మిగిలిపోతుంది, అటు ఎస్‌జీఎస్టీకి 40 వేలు నగదు కట్టాలి, ఎందుకంటే సీజీఎస్టీ క్రెడిట్ ఎస్‌జీఎస్టీకి పనికిరాదు. అదే 40, 40 చొప్పున పంచితే ఒక్క రూపాయి నగదు కట్టక్కర్లేదు. పోర్టల్ చూపించిన అంకెలను అలాగే ఆమోదించకుండా, ఆఫ్‌సెట్ బటన్ నొక్కే ముందు ఆ గడుల్ని మార్చి చూడమని మీ అకౌంటెంట్‌కు చెప్పండి.

ఇదంతా వింటే నెలంతా ఇదే పనా అనిపిస్తుంది. నిజానికి నెలకు ఒక పూట. సరఫరాదారులు జీఎస్టీఆర్-1 వేయడానికి గడువు 11, మీ 2బీ 14న తయారవుతుంది, నెలనెలా వేసేవాళ్లయితే మీ 3బీ 20న. ఆ 14కూ 20కీ మధ్య మీరో తమ్ముడో అకౌంటెంట్ పక్కన కూర్చుని, కొనుగోలు బిల్లుల ఫైలు ఒకవైపు, 2బీ ఒకవైపు పెట్టుకుని కలపండి. ఫైల్లో ఉండి 2బీలో లేనివి ఫోన్ చేయాల్సినవి. 2బీలో ఉండి ఫైల్లో లేనివి ఇంకా ముఖ్యం. 2024 అక్టోబర్ నుంచి ఐఎంఎస్ అని ఒక పేజీ వచ్చింది, అవతలివాళ్లు ఎక్కించిన బిల్లులను అక్కడ ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టొచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే. మీకు రాని సరుకు తాలూకు బిల్లు మీ నంబరు మీద ఎవరైనా ఎక్కించి ఉంటే అక్కడే తిరస్కరించండి, సరుకు దారిలో ఉంటే పెండింగ్ పెట్టండి. సరుకు అందకుండా బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడం బోగస్ బిల్లు కేసుల్లోకి లాగుతుంది. తక్కువ ధరకు ఉత్త బిల్లులు ఇస్తామని ఆటోనగర్‌లో ఎవరైనా తలుపు తడితే, దయచేసి, లోపలికి కూడా రానివ్వకండి.

ముందుగా చేయాల్సిన వరుస చెప్తాను: ఆడిటర్ గారికి ఇవాళే ఫోన్ చేసి మెషిన్ మీద తరుగుదల 25 లక్షలకే లెక్కేయమని, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ ఆ తర్వాతే వేయమని చెప్పండి. ఈ నెల 3బీలోనే మెషిన్ క్రెడిట్ కలిపి, కారు క్రెడిట్, పెయింట్ షాపు క్రెడిట్ రివర్స్ చేయించండి. మెషిన్ తాలూకు 4.5 లక్షలు ఉంది కాబట్టి రివర్స్ చేసినా ఈ నెల మీ చేతి నుంచి పెద్దగా డబ్బు కదలకపోవచ్చు, వడ్డీ ఏమైనా ఉంటే అది మాత్రం నగదుగానే. షీటు పార్టీకి మెయిల్ పెట్టాక పది రోజులైనా కదలిక లేకపోతే అతని రిటర్నుల తేదీలు పోర్టల్‌లో చూసి నాకు మళ్లీ రాయండి. అతను ఎన్ని నెలలుగా వేయలేదో తెలిస్తే, అతని దగ్గర ఇంకా సరుకు తీసుకోవాలా వద్దా అనేది కూడా చెప్పగలను.